టచ్ స్విచ్‌కి బొట్టుబిళ్ళ

మిర్యాలగూడలో మా ఇంటికి రంగులేయించినప్పుడు హాల్లో పాత స్విచ్‌బోర్డు పీకేసి, నల్ల అద్దం వెనక వేలు తగిలితే పసిగట్టే నాలుగు టీటీపీ223 టచ్ మాడ్యూళ్లు అంటించి, లైట్లు వెలిగించి ఆర్పే రిలేలకు కలిపాను. చూడ్డానికి బ్రహ్మాండం. మా నాయనమ్మకు మాత్రం రాత్రిపూట బాత్రూంకి లేస్తే నరకమే.

"ఒక్క బుగ్గ ఏద్దామంటే ఇల్లంత ఎలుగుతుందేందిరా!"

ఒక రాత్రి పక్కన నిలబడి చూస్తే విషయం అర్థమైంది. పాత స్విచ్‌ని చీకట్లో తడిమి వెతుక్కుని, ఆ తర్వాత నొక్కుతాం, కానీ టచ్‌లో తడమడమే నొక్కడం అయిపోతుంది. తడిగుడ్డతో అద్దం తుడిచినా అదే గోల.

ముందు మెయిన్ ఆపి, ఒక్కో మాడ్యూల్లో టచ్ పిన్నుకి గ్రౌండ్‌కి మధ్య 30 పికోఫారడ్ కెపాసిటర్ వేశాను, దాంతో సెన్సిటివిటీ తగ్గింది. అది చాలలేదు. ఒకసారి తాకితే ఆన్, మళ్లీ తాకితే ఆఫ్ అయ్యేలా చేసే టాగుల్ జంపర్ తీసేసి నాలుగింటినీ ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి ఇచ్చి, ఒకే ప్యాడ్ మీద వేలు 300 మిల్లీసెకన్లు ఆగితేనే రిలే పడేలా కోడ్ మార్చాను, రెండు ప్యాడ్లు ఒకేసారి తగిలితే ఏదీ వెలగదు.

ఇక వేలికి గుర్తు కావాలిగా? నాయనమ్మ డబ్బాలోంచే రాయి ఉన్న బొట్టుబిళ్ళ తీసి బాత్రూం లైటు ప్యాడ్ మీద అంటించాను. మిగతా వాటిని లైట్లు ఉన్న వరుసలోనే ఎడమ నుంచి కుడికి మార్చాను, ఇది మొదట్లోనే చేయాల్సింది.

బొట్టుబిళ్ళ రెండు వారాలకోసారి ఊడుతోంది. నాయనమ్మే ఇంకోటి అంటిస్తోంది.