బండికి కొత్త రంగు: స్ప్రే గన్ పట్టుకోవడానికి ముందు చేయవలసిన పని

బైకు పెట్రోలు ట్యాంకు మీద వేసిన కొత్త రంగు ఏడాది తిరగకుండానే పొక్కులు లేచిందంటే, కారణాన్ని రంగు డబ్బాలో కన్నా ఆ రంగు కింద మిగిలిపోయిన జిడ్డులోనూ తుప్పులోనూ వెతకడం మేలు. అసలు రంగు వేయడానికి ఒక పూట సరిపోతుంది గాని, దానికి ముందు పనికి మూడు నాలుగు రోజులు కేటాయించుకోవాలి. రంగే మార్చదలచుకుంటే, ఆర్‌సీలో పాత రంగు నమోదై ఉంటుంది కనుక రవాణా శాఖ కార్యాలయంలో ముందే విచారించుకోవాలి.

ట్యాంకు, మడ్‌గార్డులు, సైడ్ ప్యానెళ్లను బండి నుంచి పూర్తిగా విప్పి తీయాలి. స్టిక్కర్లను, బ్యాడ్జీలను కూడా తొలగించాలి. పెట్రోలు వంపేసిన ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి మిగిలి ఉంటుంది, అది గాలితో కలిసి చిన్న నిప్పురవ్వకే పేలగలదు. కాబట్టి ట్యాంకును ఆరుబయట ఉంచి, మూత, కాక్ (పెట్రోలు వదిలే కుళాయి) తీసి పలుమార్లు కడిగి ఆరనివ్వాలి. సొట్ట తీయడానికి వెల్డింగ్ చేయాలన్నా, వేడి చేయాలన్నా ఆ పనిలో అనుభవం ఉన్నవారికే అప్పగించాలి.

తరువాత చేయవలసింది కడగడం. ఎమరీ పేపరు పట్టకముందే ఇది జరగాలి, ఎందుకంటే జిడ్డు ఉండగా రుద్దితే అది పేపరు గీసిన గీతల్లోకి దిగి, ఆపై ఎంత తుడిచినా పూర్తిగా రాదు. ఒకసారి నేను పాలిష్ పెట్టిన ట్యాంకును సబ్బునీళ్లతో మాత్రమే కడిగి రుద్దడం మొదలుపెట్టాను. ఆ పాలిష్‌లోని సిలికాన్ వల్ల రంగు అక్కడక్కడ చేపకన్నులా గుండ్రంగా విడిపోయి, పనంతా మళ్లీ మొదటికి వచ్చింది. సబ్బుతో కడిగి ఆరాక, జిడ్డు తీసే ద్రావకంతో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిపోకముందే మరో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఒకచోటి నుంచి మరోచోటికి పాకుతుంది. చివరగా ట్యాంకు మీద నీళ్లు పోసి చూడాలి: నీరు పలుచటి పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, బొట్లుబొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టు.

పాత రంగు స్వభావం తెలియడానికి, కనబడని మూలలో థిన్నర్ తడి గుడ్డను కాసేపు అదిమి పట్టాలి. రంగు కరిగి గుడ్డకు అంటితే దాని మీద కొత్త రంగు నిలవడం అనుమానమే, అలాంటప్పుడు పూర్తిగా గీకేయడమే మంచిది. చిన్న అయస్కాంతాన్ని ట్యాంకు మీద నడిపిస్తే, అది పట్టు వదిలేసిన చోట పాత పుట్టీ మందంగా ఉందని తెలుస్తుంది.

తుప్పు పొక్కును పైపైన రుద్ది వదిలేయకూడదు. ఆవగింజంత పొక్కును గీకితే దాని కింద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ బయటపడవచ్చు. మెరిసే ఇనుము కనబడేదాకా గరుకైన 80 నంబరు ఎమరీతో రుద్దాలి. ఆపైన అంతకన్నా నునుపైన 180, 320 నంబర్లతో చుట్టూ ఉన్న రంగు అంచును పలుచబరచాలి. అంచు సరిగా వచ్చిందో లేదో కంటితో కన్నా అరచేతితో బాగా తెలుస్తుంది: కళ్లు మూసుకుని అరచేతిని నెమ్మదిగా జరిపినప్పుడు ఎక్కడా మెట్టు తగలకూడదు. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో గీకిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు పట్టవచ్చు, కాబట్టి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (ఇనుమును కాపాడే అడుగుపూత) వేయాలి.

సొట్టను వీలైనంత వరకు లోహంలోనే సరిచేసి, మిగిలిన లోటుకే పుట్టీ వాడాలి. పొర రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే పగుళ్లకు దారితీస్తుంది. రెండు భాగాల పుట్టీలో వంద గ్రాములకు సుమారు రెండు గ్రాముల హార్డెనర్ (గట్టిపరిచే పదార్థం) చాలు. త్వరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే, హార్డెనర్ మచ్చ తరువాత రంగులోంచి పైకి కనబడవచ్చు. పుట్టీ నీటిని పీల్చుకుంటుంది కనుక దాన్ని పొడిగానే, చెక్క దిమ్మెకు చుట్టిన పేపరుతో రుద్దాలి. వేళ్లతో రుద్దితే వేళ్లు పడిన చోట గాడులు పడతాయి.

ప్లాస్టిక్ భాగాల మీద ఘాటైన థిన్నర్ వాడకూడదు; ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ దానికి మెత్తబడుతుంది, పగులుతుంది. భాగం వెనుక వైపు సాధారణంగా ఏబీఎస్ అనో పీపీ (పాలీప్రొపిలీన్) అనో అచ్చు ఉంటుంది. పీపీ అయితే దానికంటూ ఉన్న ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా రంగు అంటదు.

ప్రైమర్ ఆరాక దాని మీద నల్ల రంగును పలుచగా చిలకరించి, 400 నంబరు పేపరుతో దిమ్మె సాయంతో రుద్దాలి. ఎక్కడ నలుపు చెరగకుండా నిలుస్తుందో అక్కడ పల్లం ఉన్నట్టు. హార్డెనర్ కలిపే కొన్ని ప్రైమర్లలో ఉండే, ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్‌లను మామూలు దుమ్ము మాస్కు ఆపలేదు, అవి వాడేటప్పుడు తగిన రెస్పిరేటర్ (విషవాయువులను ఆపే మాస్కు) తప్పనిసరి. ఆ తరువాత 600 నుంచి 800 నంబరు నీటి పేపరుతో (తడిపి రుద్దే రకం) తుది నునుపు ఇచ్చి, కడిగి, మూలల్లోని నీరు పూర్తిగా ఆరేలా కనీసం కొన్ని గంటలు ఎండలో ఉంచాలి. రంగు వేసే ముందు ప్రతి భాగాన్నీ బోల్టు రంధ్రంలో కట్టిన తీగకు వేలాడదీసి, జిగురు గుడ్డతో దుమ్ము తుడవాలి. అప్పటి నుంచి దాన్ని తీగతోనే కదపాలి తప్ప ఒట్టి చేతితో తాకకూడదు.