పత్రికను వాదంగా చదవడం, 4వ పాఠం: ఎత్తి చూపిన వచనం దగ్గరికి వెనక్కి వెళ్లడం

గత మూడు పాఠాల్లో రోమా పత్రికను, అంటే అపొస్తలుడైన పౌలు రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరాన్ని, ఒకేసారి కూర్చుని చదివాం. "కాబట్టి", "ఏలయనగా", "అయితే" లాంటి పదాల కింద గీతలు గీశాం. 1:18 నుంచి 3:20 వరకు పౌలు యూదుణ్ణీ అన్యుణ్ణీ (యూదుడు కానివాణ్ణీ) ఒకే బోనులో ఎలా నిలబెట్టాడో చూశాం. 3:21–31 భాగాన్ని సొంత మాటల్లో రాయమన్నాను కదా, ఆ కాగితం ఇప్పుడు పక్కన పెట్టుకోండి. ధర్మశాస్త్ర క్రియల వల్ల (మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞలను పాటించడం వల్ల) కాదు, విశ్వాసం వల్లే మనిషి నీతిమంతుడుగా తీర్చబడతాడని 3:28లో పౌలు తేల్చేశాడు. నాలుగో అధ్యాయంలో దానికి రుజువు చూపిస్తున్నాడు.

ఈ పాఠంలో నేర్చుకునే పని ఒక్కటే. పత్రిక రాసినవాడు పాత నిబంధన నుంచి ఒక వచనం ఎత్తితే, మనం అక్కడిదాకా వెళ్లాలి, ఆ అధ్యాయం మొత్తం చదవాలి, తిరిగి పత్రికలోకి రావాలి. చాలామంది అడుగున ఉన్న రిఫరెన్స్ చూసి, ఆ ఒక్క వచనం చదివి, "సరే, అక్కడా ఇదే ఉంది" అని ముందుకు వెళ్లిపోతారు. అలా చదివితే నాలుగో అధ్యాయంలో సగం వాదం చేజారిపోతుంది. ఎందుకంటే పౌలు ఆ వచనంలోని మాటల మీదే కాదు, అబ్రాహాము జీవితంలో ఆ మాట ఎప్పుడు వచ్చిందన్న దాని మీద కూడా ఆధారపడుతున్నాడు.

రోమా 4:3లో పౌలు ఎత్తినది ఆదికాండము 15:6. అబ్రాము (అబ్రాహాము మొదటి పేరు) దేవుణ్ణి నమ్మాడు, దేవుడు దాన్ని అతనికి నీతిగా ఎంచాడు. గలతీ 3:6లోనూ ఇదే వచనం. ఇప్పుడు ఆదికాండము 12 నుంచి 22 వరకు తెరవండి. నోటుబుక్కులో అడ్డంగా ఒక గీత గీసి, వయసు కనబడిన ప్రతిచోటా ఆ గీత మీద రాసుకోండి. హారాను విడిచి బయల్దేరినప్పుడు అబ్రాముకు 75 ఏళ్లు (12:4). దాసి హాగరుకు ఇష్మాయేలు పుట్టినప్పుడు 86 (16:16). సున్నతి పొందినప్పుడు 99 (17:24), అప్పటికి ఇష్మాయేలుకు 13. భార్య శారాకు ఇస్సాకు పుట్టినప్పుడు 100 (21:5). మోరీయా దేశపు కొండ మీద ఇస్సాకును బలిపీఠంపై పెట్టిన నాటి వయసు రాసి లేదు, కానీ ఆ అబ్బాయి కట్టెలు మోశాడు, గొర్రెపిల్ల ఏదని అడిగాడు. ఈ ఘట్టాన్ని 100 తర్వాత కొంత దూరంలో పెట్టండి.

ఇప్పుడు 15:6 ఈ గీత మీద ఎక్కడ పడుతుందో చూడండి. 75కీ 86కీ మధ్య. అంటే సున్నతికి కనీసం 13 ఏళ్ల ముందు.

ఇక రోమా 4:9–12 చదవండి. దేవుడు నీతిగా ఎంచినప్పుడు అబ్రాహాము సున్నతి పొందినవాడా, పొందనివాడా అని పౌలు అడుగుతాడు. పొందనివాడే అని తనే జవాబిస్తాడు. సున్నతి తర్వాత వచ్చింది, అప్పటికే ఉన్నదానికి ముద్రగా వచ్చింది. కాబట్టి సున్నతి లేకుండా నమ్మినవాళ్లకూ అబ్రాహాము తండ్రే. అన్యజనులు సున్నతి పొందితే తప్ప రక్షణ లేదని యూదయ నుంచి వచ్చిన కొందరు అంతియొకయలో బోధించిన సంగతి అపొస్తలుల కార్యములు 15:1లో ఉంది. వాళ్లకు పౌలు ఇచ్చే జవాబు వాళ్లు ప్రాణంగా చూసుకునే గ్రంథంలోంచే వచ్చింది. గలతీ 3:17లో ఇదే పద్ధతిని మరికొంత ముందుకు తీసుకెళ్లి, 430 సంవత్సరాల తర్వాత వచ్చిన ధర్మశాస్త్రం ముందే ఇచ్చిన వాగ్దానాన్ని కొట్టివేయలేదంటాడు. మీ గీతకు కుడివైపు చివర ధర్మశాస్త్రానికి కూడా ఒక గుర్తు పెట్టండి.

గీత పూర్తయింది. ఇప్పుడు ఆదికాండము 15వ అధ్యాయంలోకి వెళ్లి నెమ్మదిగా చదవండి. ఇక్కడ తొందరపడొద్దని నా మనవి.

అబ్రాము చేతిలో ఏముంది? ఏమీ లేదు. పిల్లలు లేరు. తన ఇంటికి దమస్కు ఎలీయెజెరే దిక్కని దేవుడితో చెప్పుకుంటాడు. దేవుడు బయటికి తీసుకొచ్చి నక్షత్రాలు లెక్కపెట్టగలిగితే పెట్టమంటాడు, నీ సంతానం అలా అవుతుందంటాడు. అబ్రాము నమ్మాడు. అంతే, ఆరో వచనం వచ్చేసింది. ఆ క్షణంలో అతను ఏ బలీ అర్పించలేదు, ఏ మొక్కూ మొక్కలేదు.

ఇక అదే అధ్యాయం చివర నిబంధన (ఒప్పందం) జరిగే తీరు చూడండి. పశువులను రెండుగా ఖండించి ఎదురెదురుగా పెడతారు. నిబంధన చేసుకునేవాళ్లు ఆ ఖండాల మధ్య నడుస్తారని యిర్మీయా 34:18 వల్ల తెలుస్తోంది. ఇక్కడ అబ్రాముకు గాఢనిద్ర పట్టింది. పొగ లేచే పొయ్యి, మండే దివిటీ మాత్రమే ఖండాల మధ్యగా దాటాయి. నడిచింది దేవుడి వైపు నుంచే. ఉచితంగా, కృప వల్ల అని పౌలు రోమా 3:24లో అన్నది నాకైతే ఈ రాత్రి దృశ్యంలోనే బాగా అర్థమవుతుంది.

15:6కు ముందూ వెనకా ఏం జరిగిందో కూడా గీత మీద రాయండి. 12వ అధ్యాయంలో ఐగుప్తులో అబ్రాము ప్రాణభయంతో శారయిని (శారా మొదటి పేరు) చెల్లెలని చెప్పించాడు. 16వ అధ్యాయంలో వాగ్దానం ఆలస్యమైందని హాగరు దగ్గరికి వెళ్లాడు. ఒకటి నీతిగా ఎంచకముందు, ఒకటి ఎంచిన తర్వాత. ఎంచినదాన్ని దేవుడు 16వ అధ్యాయం తర్వాత వెనక్కి తీసుకున్నట్టు ఎక్కడా లేదు. ఈ వారం ప్రార్థన సరిగ్గా చేయలేదు, దేవుడు నన్ను ఇంకా అంగీకరిస్తాడా అని టెన్షన్ పడే విశ్వాసులు మన సంఘాల్లో ఎంతోమంది. వాళ్లకు ఓదార్పు మాటలు చెప్పడం కన్నా ముందు ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివించడం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు రోమా 4:4–5కి తిరిగి రండి. రోజంతా పని చేసినవాడికి సాయంత్రం ఇచ్చే కూలి దానం కాదు, యజమాని తీర్చాల్సిన బాకీ. పౌలు ఆ లెక్క చెప్పి, వెంటనే దాన్ని పక్కకు నెట్టేస్తాడు. పని చేయక, భక్తిహీనుణ్ణి నీతిమంతుడుగా తీర్చే దేవుని మీద విశ్వాసం ఉంచినవాడి సంగతి వేరంటాడు. చదివేవాళ్లు తరచుగా తడబడేది ఇక్కడే. "సరే, క్రియలు వద్దు, వాటి బదులు విశ్వాసం అనే క్రియ చేయాలి" అనుకుంటారు. అప్పుడు విశ్వాసం కూడా కూలి లెక్కలోకే వెళ్లిపోతుంది, నాకు సరిపడా విశ్వాసం ఉందా అని కొలుచుకోవడం మొదలవుతుంది. 4:16–17 చూడండి. అక్కడ బరువంతా నమ్మినవాడి మీద లేదు, మృతులను బ్రదికించే దేవుని మీద ఉంది. 4:19లో అబ్రాహాము శరీరం మృతతుల్యం, శారా గర్భమూ అంతే. 4:24లో యేసును మృతుల్లోంచి లేపిన దేవుడు. మూడు చోట్లా మరణం, మూడు చోట్లా అదే దేవుడు. ఈ మూడింటినీ ఒక గీతతో కలపండి. మన విశ్వాసం అబ్రాహాము విశ్వాసం లాంటిదని పౌలు ఎందుకన్నాడో కనబడుతుంది. ఆ అధ్యాయం మన అపరాధాల కోసం అప్పగింపబడి, మనం నీతిమంతులుగా తీర్చబడడానికి లేపబడిన యేసు దగ్గర ముగుస్తుంది.

నేర్చుకున్న పద్ధతిని ఇంకోచోట పరీక్షిద్దాం. యాకోబు 2:14–26. మనిషి విశ్వాసం వల్ల మాత్రమే కాక క్రియల వల్ల కూడా నీతిమంతుడని ఎంచబడతాడని 2:24 అంటుంది. చూడగానే రోమా 3:28కి అడ్డం వచ్చినట్టుంటుంది. విశ్వాసం వల్లే నీతి అని బోధించిన జర్మన్ సంస్కర్త లూథర్ 1522లో జర్మన్ కొత్త నిబంధన అచ్చువేసినప్పుడు ఈ పత్రికను చివరి వరుసకు నెట్టాడు. 1547లో కాథలిక్ సంఘపు ట్రెంట్ సభ, మనిషి నీతిమంతుడుగా తీర్చబడడమనే ఈ విషయం మీదే సుదీర్ఘమైన తీర్మానం చేసింది. కాథలిక్కులూ లూథరన్లూ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేయడానికి 1999 అక్టోబరు 31 దాకా పట్టింది. అది ఆగ్స్‌బర్గ్ పట్టణంలో జరిగింది. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చిన నాటి నుంచి మన ప్రాంతపు లూథరన్ సంఘాల్లో కూడా విశ్వాసం వల్లే నీతి అన్న బోధే పునాది. అందుకే దీన్ని వాదనలో గెలవడానికి కాక, జాగ్రత్తగా చదవడానికి తీసుకోండి.

యాకోబు ఎత్తినవేంటి? 2:21లో ఇస్సాకును బలిపీఠం మీద ఉంచడం, అంటే ఆదికాండము 22. 2:23లో ఆదికాండము 15:6, ఆ లేఖనం నెరవేరిందంటూ. మీ గీత మీద చూస్తే 22వ అధ్యాయం 15కు ఎన్నో ఏళ్ల తర్వాతిది. పౌలు ఆ గీత మీద మొదట్లో నిలబడి, దేవుడు దేన్ని బట్టి అబ్రామును నీతిమంతుడన్నాడని అడుగుతున్నాడు. యాకోబు చివర్లో నిలబడి, ఆ నమ్మకం నిజమైనదని ఎలా తేలిందని అడుగుతున్నాడు. యాకోబు ఎదుట ఉన్నది సున్నతి పట్టుబట్టేవాడు కాదు. తిండీ బట్టా లేని సహోదరుణ్ణి చూసి "సమాధానంగా వెళ్లు" అని చెప్పి పంపేసేవాడు (2:15–16). ఇద్దరి మాటలూ ఒకదాన్నొకటి కొట్టివేయవని నా నమ్మకం. కానీ నా మాట మీద ఆధారపడకండి, గీత పెట్టుకుని మీరే చూడండి.

ఒక చిక్కు మీకే వదిలేస్తున్నాను. రోమా 4:20లో అబ్రాహాము అవిశ్వాసంతో సందేహించలేదని ఉంది. ఆదికాండము 17:17లో అతను సాగిలపడి నవ్వాడు, నూరేళ్లవాడికి కొడుకా అనుకున్నాడు. దాన్ని దాటవేయకుండా 17:23 వరకు చదివి, ఆ రోజే అతనేం చేశాడో రాసి పెట్టండి.

వచ్చే పాఠానికి ముందు కీర్తన 32 మొత్తం చదవండి. రోమా 4:7–8లో పౌలు దానిలో మొదటి రెండు వచనాల మాటలే ఎత్తాడు. మూడు, నాలుగు, ఐదు వచనాల్లో దావీదు తన మౌనం గురించి, తన ఒప్పుకోలు గురించి ఏం చెప్పాడో నాలుగు లైన్లలో రాయండి. అబ్రాహాము గురించి మాట్లాడుతూ మధ్యలో దావీదును ఎందుకు పిలిచాడో 5వ పాఠంలో ఆ నాలుగు లైన్ల నుంచే మొదలుపెడతాం.