మేత పొలం – నాలుగో పాఠం: మొద్దుల లెక్క

మూడో పాఠంలో మట్టి, నీరు చూశాం. చేను ఖాయమైంది. ఇప్పుడు ఆ చేలో ముందునుంచీ పాతుకుని ఉన్న వాటి సంగతి.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల గేదెల మేతకు మళ్ళించే పొలాల్లో సుబాబుల్, జామాయిల్ కొట్టేసినవి చాలా ఉంటాయి. నందిగామ, కంచికచర్ల వైపైతే సుబాబుల్ గురించి చెప్పనే అక్కర్లేదు. కర్ర కాగితం మిల్లుకు పోతుంది, మొద్దులు మనకు మిగులుతాయి. నాలుగేళ్ళు బీడు పెట్టిన చేనైతే సర్కారు తుమ్మ లేచి ఉంటుంది.

ఈ పాఠంలో నేర్చుకునేది, మొద్దులు పీకే జేసీబీ మిషన్ చేలోకి దిగకముందే ఖర్చు కాగితం మీద వేసుకోవడం. దాంతోపాటు ఏ మొద్దులు తీయకుండా వదిలేయొచ్చో తేల్చుకోవడం. నన్నడిగితే డబ్బు మిగిలేది ఈ రెండో పనిలోనే.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎకరం గుత్తకి ఎంత తీసుకుంటావు తమ్ముడూ?" తెలివైన జేసీబీ డ్రైవరైతే "మొద్దులు చూడకుండా ఎట్టా చెప్పేది అన్నా, గంట లెక్కన పెట్టుకోండి" అంటాడు. అతని మాట న్యాయమే. ఒక ఎకరంలో నాలుగు వందల మొద్దులు ఉండొచ్చు, పక్క ఎకరంలో రెండు వేలు ఉండొచ్చు. మీటరుకొకటి చొప్పున దగ్గరగా నాటిన సుబాబుల్ అయితే ఎకరానికి నాలుగు వేలు. వరుసల మధ్య మూడు మీటర్లు, మొక్కల మధ్య రెండు మీటర్లు ఇచ్చిన జామాయిల్ అయితే 670 దాకా. వీటన్నిటికీ ఒకే ఎకరం రేటు చెప్పేవాడు తన నష్టానికి ముందే కొంత కలుపుకుని చెబుతాడు. కాబట్టి మొద్దులు మనమే లెక్కపెట్టుకుని మాట్లాడాలి.

సెంటు చదరం

ఎకరం మొత్తం తిరిగి లెక్కపెట్టక్కర్లేదు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. 21 అడుగుల తాడు తీసుకుని నాలుగు వైపులా చదరం వేస్తే 441 చదరపు అడుగులు వస్తుంది, అంటే దాదాపు సెంటు. అందులో ఎన్ని మొద్దులున్నాయో లెక్కపెట్టి నూరుతో హెచ్చిస్తే ఎకరానికి ఎన్నో తెలుస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. వరుసల మధ్య పది అడుగులున్న చేలో చదరాన్ని సరిగ్గా వరుస మీద మొదలుపెడితే మూడు వరుసలు పడతాయి, వరుసల నడుమ మొదలుపెడితే రెండే పడతాయి. లెక్క ఒకటిన్నర రెట్లు మారిపోతుంది. అందుకే చదరం మూల ఎక్కడ పెట్టాలో మీరు నిర్ణయించకండి. ఒక రాయి వెనక్కి విసిరి, అది ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టండి. ఇలా చేలో ఐదు చోట్ల చేయండి. గట్టు పక్కనే ఐదూ వేయకూడదు, గట్టు దగ్గర చెట్టు ఎప్పుడూ లావుగా ఉంటుంది.

ప్రతి చదరంలో సంఖ్యతో పాటు చుట్టుకొలత కూడా రాసుకోవాలి. టైలరు టేపు చాలు, నేలకు ఆనించి చుట్టండి. ఇది ఎందుకంటే, మొద్దు లావు రెట్టింపైతే పని రెట్టింపుతో ఆగదు. చుట్టుకొలత రెండింతలైతే కొయ్య అడ్డుకోత నాలుగింతలవుతుంది, వేళ్ళ పట్టు కూడా ఇంచుమించు అలాగే పెరుగుతుంది. అందుకని మొద్దుల్ని వంతుల్లోకి మార్చుకుంటాం. 20 అంగుళాల చుట్టుకొలత ఉన్నదాన్ని ఒక వంతు అనుకోండి. 25 అంగుళాలైతే ఒకటిన్నర, 40 అయితే నాలుగు. 20 లోపు ఎంత సన్నగా ఉన్నా ఒకటి కంటే తక్కువ వేయకండి, మిషన్ దాని దగ్గరికి కదలడానికైనా టైమ్ పడుతుంది కదా.

ఒక ఉదాహరణ చేద్దాం. ఐదు చదరాల్లో 6, 7, 5, 8, 6 మొద్దులు వచ్చాయి. మొత్తం 32. ఐదు సెంట్లకు 32 అంటే ఎకరానికి 640. ఆ 32లో 24 సన్నవి, ఆరు 25 అంగుళాల దరిదాపుల్లో ఉన్నవి, రెండు 40కి దగ్గరవి. వంతులు 24, 9, 8, కలిపి 41. ఎకరానికి ఇరవై రెట్లు, 820 వంతులు. ఆ పెద్ద మొద్దులు రెండూ కలిపి ఎన్ని వంతులు తిన్నాయో చూడండి. సంఖ్యలో పదహారింట ఒకటి, పనిలో ఐదింట ఒకటి.

మొదటి గంట

మీ మట్టిలో గంటకు ఎన్ని వంతులు లేస్తాయో పుస్తకంలో దొరకదు. మిషన్ దిగిన మొదటి గంట మీరు చేలో నిలబడి లెక్కపెట్టాల్సిందే. ఇక్కడ నేను గంటకు 40 వంతులు, గంట బాడుగ రూ.1,200 అనుకుంటున్నాను. ఈ పాఠంలో రూపాయలన్నీ అనుకున్నవే, మీ ఊరి రేటు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి. 820ని 40తో భాగిస్తే ఇరవై గంటల ముప్పై నిమిషాలు. మిషన్‌కు రూ.24,600.

చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. మిషన్ వెళ్ళాక మొదలయ్యే ఖర్చు ఉంది. తెగి మిగిలిన వేళ్ళు ఏరడానికి పది మంది కూలీలు, మనిషికి రూ.600 చొప్పున రూ.6,000. ట్రాక్టరుతో రెండుసార్లు దున్ని గుంటలు పూడ్చి చదును చేయడానికి రూ.8,000. మొత్తం రూ.38,600. వేళ్ళు ఏరే కూలి దండగనుకుని నేరుగా రోటవేటర్ దింపితే బ్లేడ్లు విరుగుతాయి, ఆ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో సామాన్ల కొట్ల చుట్టూ తిరగాలి. మొదట డిస్క్ నాగలి, ఏరివేత, మళ్ళీ డిస్క్, అన్నిటికంటే చివర రోటవేటర్.

మొద్దుకూ ధర ఉంది. ఇటుక బట్టీలకు వంటచెరకుగా పోతుంది. అయితే కొనేవాడు మట్టి బరువుకు తరుగు తీస్తాడు, ఒక్కోసారి మరీ ఎక్కువ తీస్తాడు. పీకిన మొద్దుల్ని వారం పది రోజులు ఎండలో పడేసి, మట్టి రాల్చాకే కాటాకు పంపండి. రాలిన మట్టి కూడా మన చేను పైమట్టే, అది బట్టీకి పోవడం ఎందుకు? మొద్దు ఒక్కింటికి ఇరవై కిలోల చొప్పున వేసుకుంటే 12 టన్నుల పైచిలుకు వస్తుంది. 12 టన్నులు, టన్ను రూ.800 అనుకుంటే రూ.9,600. అది తీసేస్తే నికర ఖర్చు రూ.29,000.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మొద్దులు తనే తీసుకుని పని ఉచితంగా చేస్తానని వచ్చేవాళ్ళుంటారు. ఒప్పుకోవచ్చు గానీ గుంటలు ఎవరు పూడ్చాలో, సన్నవి కూడా పీకాలో లేదో ముందే మాట్లాడుకోండి. లావుగా ఉన్నవి పట్టుకెళ్ళి సన్నవి మనకు వదిలేస్తే పని ఉచితంగా జరిగినట్టు కాదు.

ఏవి పీకాలి, ఏవి వద్దు

తాటి మొద్దు, కొబ్బరి మొద్దు మళ్ళీ చిగురించవు. నేలకు సమంగా కోసేసి మీద మట్టి కప్పితే చెదలు, తేమ కలిసి కొన్నేళ్ళలో వాటి పని చూసుకుంటాయి. గడ్డి మధ్యలో అవి ఉన్నా కొడవలికి అడ్డం రావు. సరుగుడు కూడా మొదలంటా కోస్తే పెద్దగా చిగురించదు.

సర్కారు తుమ్మ సంగతి వేరు. దాని మొగ్గలు నేల లోపల, మొదలు దగ్గర ఉంటాయి. పైన ఎంత కొట్టినా గుబురుగా లేస్తుంది. నేల కింద అడుగు లోతుకు వేరు కోసి తీయాలి, అంతకంటే లోతు అక్కర్లేదు. ఈ ఒక్క చెట్టు మీద మాత్రం జాలి చూపొద్దు. కాయలు తియ్యగా ఉంటాయి, పశువులు తింటాయి, విత్తనం అరగకుండా పేడలో బయటికొచ్చి మొలుస్తుంది. ముల్లు ట్రాక్టరు టైరునూ వదలదు. కాయలు రాలకముందే తీయించి, ఆ తర్వాతి వానకు మొలిచే పిల్లల్ని చేత్తో పీకించండి.

జామాయిల్ చిగురిస్తుంది, ఆ చిగురు గేదె ముట్టదు. పీకాల్సిందే.

ఇక సుబాబుల్. దీని చిగురే మంచి మేత, మాంసకృత్తులు బాగా ఉంటాయి. మరి డబ్బిచ్చి ఎందుకు పీకించాలి? వరుసల మధ్య పది అడుగులున్న చేను అయితే, ఒక వరుస విడిచి ఒక వరుస పీకించండి. మిగిలిన వరుసలు పచ్చి కంచెలా లేస్తాయి, నడుమ ఇరవై అడుగుల పట్టీలో నేపియర్ గడ్డి వేసుకోవచ్చు, ట్రాక్టరూ తిరుగుతుంది. రెండు షరతులున్నాయి. చిగుళ్ళను పూతకు రాకముందే కోస్తూ ఉండాలి, కాయ పండి రాలితే చేనంతా సుబాబులే మొలుస్తుంది. రెండోది, దాని ఆకులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. రోజు మేతలో సుబాబుల్ మూడో వంతు దాటితే జుట్టు రాలడం, గొంతు దగ్గర థైరాయిడ్ వాపు రావచ్చు. గడ్డితో కలిపి వేస్తే భయం లేదు. గుర్రాలకు మాత్రం పెట్టకండి.

ఇప్పుడు లెక్క మళ్ళీ వేద్దాం. సగం వరుసలే పీకితే మిషన్ రూ.12,300, కూలి రూ.3,000, దున్నకం రూ.5,000. మొద్దుల రాబడి సగమై రూ.4,800. నికరం రూ.15,500. మిగిలింది రూ.13,500. నేపియర్‌ను 60 సెం.మీ. వరుసల్లో 50 సెం.మీ. దూరంతో నాటితే ఎకరానికి సుమారు 13,500 కాండం ముక్కలు కావాలి. ముక్క రూపాయి పడితే, మిగిలిన డబ్బుతో నాట్లే అయిపోతాయి.

కౌలు చేను అయితే ఇంకో మాట. రూ.29,000 ఆరేళ్ళకు పంచితే ఏడాదికి ఐదు వేల లోపే. రెండేళ్ళ కౌలుకు పంచితే ఏడాదికి రూ.14,500. పైగా శుభ్రమైన చేను తిరిగి యజమానికి పోతుంది. మొద్దుల ఖర్చులో ఆయన వాటా కౌలులో తగ్గించమని ముందే అడగండి, కుదరకపోతే వరుసల నడుమ గడ్డితో సరిపెట్టుకోండి.

ఎప్పుడు, ఎలా

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అప్పుడు నల్లరేగడి రాయిలా ఉంటుంది, వేరు లేవకుండా మధ్యలో తెగి లోపలే ఉండిపోతుంది. జూలై వానల్లో జేసీబీ దిగబడుతుంది, దాన్ని లాగడానికి ఇంకో మిషన్ పిలవాలి. వేసవిలో ఒక మంచి జల్లు పడ్డాక నేల పదునుకు వచ్చిన రోజులు ఈ పనికి సరైనవి. ఎర్ర నేలకు ఇంత పట్టింపు లేదు.

కర్ర కొట్టేవాళ్ళు టన్నుల కోసం నేలకు ఆనించి కోస్తారు. పీకాలనుకున్న లావు చెట్లను మాత్రం రెండడుగుల ఎత్తు వదిలి కోయమనండి. మిషన్‌కు పట్టు దొరుకుతుంది, ఆ రెండడుగుల కర్ర విలువ కంటే బాడుగలో మిగిలేది ఎక్కువ. వెనక బకెట్‌తో మూడు వైపులా పక్క వేళ్ళు తెంపి, నాలుగో వైపు నుంచి ఎత్తి, గుంట మీదే దులపమని డ్రైవరుకు చెప్పాలి. ముందు బకెట్‌తో నెట్టుకుపోతే పని త్వరగా అవుతుంది గానీ అరడుగు పైమట్టి గట్టు మీదికి చేరుతుంది. గంట బాడుగ మీద ఉన్న డ్రైవరుకు ఈ తొందర ఉండదు, గుత్త మీద ఉన్నవాడికి ఉంటుంది. గుత్త నాకు నచ్చకపోవడానికి ఇదీ ఒక కారణం.

పది ఇరవై మొద్దులే ఉంటే ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగుదామనిపిస్తుంది. గొలుసును ట్రాక్టరు వెనక ఉన్న లాగుడు కడ్డీకే (డ్రాబార్) కట్టాలి. ఇరుసుకో, పై లింకుకో కడితే మొద్దు కదలనప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేచి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. క్షణాల్లో జరిగిపోతుంది, దూకే టైమ్ ఉండదు. గొలుసు తెగితే తగలకుండా జనాన్ని కూడా దూరంగా నిలబెట్టండి.

కల్లుప్పు పోయడం, కిరోసిన్ పోసి కాల్చడం లాంటి సలహాలు వినిపిస్తాయి. ఉప్పు మొద్దుతో పాటు నేలనూ పాడు చేస్తుంది, కాల్చిన చోట రేగడి ఇటుకలా గట్టిపడుతుంది. కలుపు మందు పూసే పద్ధతి ఉంది గానీ గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని 2022లో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. పశువు తినే చేలో నేనైతే దాని జోలికి పోను.

పూడ్చిన గుంటలు మొదటి పెద్ద వానకు కుంగుతాయి. అందుకే చివరి చదును ఆ వాన తర్వాతే చేయించి, నాట్లు అప్పుడు పెట్టుకోవాలి.

ఐదో పాఠంలో ఏపీబీఎన్-1, కో-4 అనే నేపియర్ రకాలు, రెండు కణుపుల ముక్క కోయడం, బోదెలు తీయడం. ఈలోపు మీ చేలో ఐదు చదరాలు వేసి రాసి ఉంచండి. నిలువు గీతలతో నాలుగు గళ్ళు గీసి, ఇప్పటికి మూడు నింపితే చాలు: చదరం నంబరు, మొద్దు చుట్టుకొలత, వంతు. నాలుగో గడి మిషన్ దిగాక నింపేది, అందులో గంటకు లేచిన వంతులు రాయాలి.