పారిష్ మాటలు – 3వ పాఠం: రెక్టార్, వికార్, క్యూరేట్

పోయిన పాఠంలో పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి) అంటే ఏమిటో, దాని ఎల్లలు ఎక్కడిదాకానో చూశాం. ఈసారి ఆ ఎల్లల లోపల ఆరాధన జరిపించే మనిషి సంగతి. ఇంగ్లండ్ గ్రామాల పాత రిజిస్టర్లు గానీ, పందొమ్మిదో శతాబ్దపు నవలలు గానీ చదువుతుంటే ఒక ఊళ్ళో రెక్టార్, పక్క ఊళ్ళో వికార్, మరో ఊళ్ళో క్యూరేట్ కనబడతారు. ముగ్గురూ బాప్తిస్మాలిస్తారు, పెళ్ళిళ్ళు చేస్తారు, సమాధి దగ్గర ప్రార్థన చదువుతారు. అనువాదంలో ముగ్గురినీ 'పాస్టరుగారు' చేసేస్తే కథలో ఎవరు కలిగినవాడో, ఎవరికి రేపటి కూడు అనుమానమో తెలియకుండా పోతుంది. రెక్టార్ పెద్ద అధికారి, వికార్ ఆయన కింద చిన్న అధికారి అనుకోవడం ఇంకో తప్పు. ఎవరి పారిష్‌లో వారే పెద్ద.

తేడా అంతా దశమభాగంలో, అంటే చర్చికి చెల్లించాల్సిన పదో వంతులో ఉంది. కాబట్టి బిరుదు కనబడగానే వేసుకోవాల్సిన ప్రశ్న: ఈ ఊరి పంటలో పదో వంతు ఎవరింటికి చేరుతోంది?

దశమభాగం రెండు రకాలు. ధాన్యం, ఎండుగడ్డి, కలప పెద్ద దశమభాగం. గొర్రెపిల్లలు, ఉన్ని, పాలు, గుడ్లు, పళ్ళు చిన్న దశమభాగం. రెండూ అందుకునేవాడు రెక్టార్. మధ్యయుగంలో చాలా పారిష్‌ల రెక్టార్ హక్కు మఠాల చేతికి పోయింది. మఠం పెద్ద దశమభాగం తన గాదెలో పోసుకుని, ఊళ్ళో ఆరాధనకు బదులు మనిషిని పెట్టి, సాధారణంగా చిన్న దశమభాగం అతనికి వదిలేది. ఆ బదులు మనిషే వికార్. లాటిన్‌లో 'వికారియుస్' అంటే అదే అర్థం.

1536–1540 మధ్య ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాడు. వాటి పెద్ద దశమభాగం రాజు చేతికి, అక్కణ్ణుంచి భూస్వాములకూ కాలేజీలకూ వెళ్ళింది. గురుపట్టం లేకుండానే ఆ హక్కు పొందినవాణ్ణి లే రెక్టార్ అన్నారు. అతను ఆరాధన జరిపించలేడు, కానీ చాన్సెల్ మరమ్మతు బాధ్యత అతనిదే. చాన్సెల్ అంటే చర్చిలో ప్రభువు బల్ల ఉండే తూర్పు భాగం. జనం కూర్చునే నేవ్ మరమ్మతు పారిష్ ప్రజల వంతు. అందుకే పాత దస్తావేజులో 'రెక్టార్ పైకప్పు బాగుచేయించాలి' అని ఉంటే వెంటనే గురువును ఊహించుకోకండి. ఆయన గుర్రమెక్కి వేటకెళ్ళే జమీందారు కావచ్చు.

ఇక క్యూరేట్. ఎక్కువమంది పొరపాటుపడేది ఇక్కడే. లాటిన్ 'కూరా' అంటే సంరక్షణ, ఆత్మల బాగోగులు చూడటం. తెలుగు కథోలికులు పారిష్‌ను 'విచారణ' అనీ, అక్కడి గురువును 'విచారణ గురువు' అనీ అంటారు కదా, క్యూరేట్ అసలు అర్థానికి అంతకంటే దగ్గరి మాట మనకు లేదు. ఇదే మొదటి అర్థం: ఇంగ్లండ్ చర్చి 1662 ప్రార్థనల పుస్తకంలో బిషప్పుల పక్కన క్యూరేట్ల కోసం ప్రార్థిస్తే, అందులో రెక్టార్లూ వికార్లూ కూడా చేరినట్టే. రెండో అర్థం పర్పెచువల్ క్యూరేట్: దశమభాగం ఏదీ లేకుండా, కట్టుబడి జీతం మీద, తీసెయ్యడానికి వీల్లేకుండా పారిష్ నడిపేవాడు. మూడో అర్థం నవలల్లో తరచూ కనబడేది: వేరే గురువు కింద జీతానికి పనిచేసే సహాయకుడు. ఒకే గురువు రెండు మూడు పారిష్‌ల ఆదాయం తింటూ ఎక్కడో కాపురముంటే, ఊళ్ళో పనంతా ఇతనే చేసేవాడు. ఇది అన్యాయమని 1813 చట్టం అలాంటి క్యూరేట్‌కు ఏడాదికి కనీసం 80 పౌండ్లు, పారిష్ ఆదాయం అంతకు తక్కువైతే ఆ మొత్తం ఇవ్వాలంది.

ఏ అర్థమో తేల్చడానికి తేదీ చూడాలి. 1836 చట్టంతో పంట రూపంలోని దశమభాగం డబ్బు చెల్లింపుగా మారింది. 1868 చట్టం తర్వాత పర్పెచువల్ క్యూరేట్లు కూడా వికార్లయ్యారు. అందుకని 1750లో వికార్ అంటే దశమభాగం చరిత్ర ఉన్న ఊరే; 1880లో వికార్ అంటే అలా చెప్పలేం.

రిజిస్టర్‌లో దీన్ని ఇలా వాడండి. 1813 నుంచి బాప్తిస్మపు రిజిస్టర్లు అచ్చు గళ్ళతో వచ్చాయి, పేజీకి ఎనిమిది నమోదులు. చివరి గడిలో జరిపించినవారి సంతకం, పక్కన బిరుదు. ముందు అయిదారు పేజీలు తిప్పి ఏ సంతకం ఎక్కువసార్లుందో చూడండి. 'అఫీషియేటింగ్ మినిస్టర్' అని ఉంటే చాలావరకు ఆరోజుకు వచ్చిన గురువే. ఒక్క నమోదు చూసి ఆయన్ని ఆ ఊరివాడిగా రాసుకోకండి.

మద్రాసులోనూ సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనూ పాత నమోదుల్లో వికార్‌కు బదులు చాప్లెయిన్ (ప్రభుత్వం నియమించిన గురువు) ఎందుకుంటాడో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఆయన జీతం ప్రభుత్వం నుంచి; దశమభాగం లేదు, ఆ తరహా పారిష్ లేదు. 1947లో ఏర్పడిన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో గురువుకు ప్రెస్బిటర్, ఆయన పరిధికి పాస్టరేట్ అనే మాటలు వాడుకలోకి వచ్చాయి. అనువాదంలో ఇంగ్లండ్ వికార్‌ను ప్రెస్బిటర్ చేయకండి. వికార్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో వివరిస్తే చాలు.

అభ్యాసం. జవాబులు రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో చర్చ్‌వార్డెన్ దగ్గరికి వెళ్ళేముందు సరిచూద్దాం.

ఒకటి: 1790 ప్రాంతపు పెళ్ళి రిజిస్టర్‌లో ఇరవై ఏళ్ళూ ఒకే క్యూరేట్ సంతకం, వికార్ సంతకం ఒక్కటీ లేదు. క్యూరేట్ మూడు అర్థాల్లో ఇది ఏది?

రెండు: 1875లో మిల్లు పట్నంలో కొత్తగా కట్టిన చర్చికి వికార్ ఉన్నాడు. ఆయనకు దశమభాగం వచ్చేదని రాయవచ్చా?

మూడు: ఒక కాలేజీ, పారిష్ రెక్టార్ హోదాలో, చర్చి పైకప్పుకు డబ్బు కట్టింది. ఏ భాగం పైకప్పు?