సెనేట్ హియరింగ్ చదవడం ఎలా? 4వ పాఠం: క్లయింటు నేరం లాయరు మెడకు చుట్టినప్పుడు

అమెరికాలో ఫెడరల్ జడ్జి పదవికి నామినేట్ అయినవాళ్లు సెనేట్ జ్యుడీషియరీ కమిటీకి ఒక పెద్ద ప్రశ్నావళి నింపి ఇస్తారని, అందులో తాము వాదించిన పది ముఖ్యమైన కేసుల వివరాలు ఉంటాయని కిందటి పాఠాల్లో చూశాం. ఆ కేసుల జాబితాను ఈసారి పక్కనే పెట్టుకోండి. ఇవాళ హియరింగ్ గదిలోకి వెళ్తున్నాం. నేర్చుకోబోయేది ఒకటే: సెనేటర్ అడిగినదాంట్లో ప్రశ్న ఎంత, ఆరోపణ ఎంత అని విడదీయడం.

ఒక్కో సెనేటర్‌కి ఒక రౌండ్‌లో దొరికేది మామూలుగా ఐదు నిమిషాలు. అందులో చాలా భాగం వాళ్లే మాట్లాడేస్తారు, జవాబుకు మిగిలేది అరకొర. సాయంత్రానికి ఫోన్లలో తిరగాల్సిన వీడియో క్లిప్ కోసం అడిగే ప్రశ్నలూ ఉంటాయి. అందుకే వీడియో చూసి ఊరుకోకుండా, మాటల్ని కాగితం మీద రాసుకుని చదవమని మొదటి నుంచీ చెబుతున్నాను.

ఇవాళ్టి ఉదాహరణ నీనా మోరిసన్. చేయని నేరానికి జైల్లో మగ్గుతున్నవాళ్లను డీఎన్ఏ పరీక్షల సాయంతో బయటికి తెచ్చే ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్‌లో ఆమె దాదాపు 20 ఏళ్లు లాయరు. 1992లో బారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ న్యూయార్క్‌లోని కార్డోజో లా స్కూల్లో మొదలుపెట్టిన సంస్థ అది. అధ్యక్షుడు బైడెన్ ఆమెను న్యూయార్క్ ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ కోర్టుకు నామినేట్ చేశారు. 2022 ఫిబ్రవరిలో హియరింగ్ జరిగింది. టెడ్ క్రూజ్, జాష్ హాలీ లాంటి రిపబ్లికన్ సెనేటర్లు ఆమె మీద విరుచుకుపడ్డారు. క్లుప్తంగా వాళ్ల వాదన ఇది: నగరాల్లో హత్యలు పెరిగిపోతున్నాయి, నేరస్తుల్ని వదిలిపెట్టే విధానాలే అందుకు కారణం, ఫిలడెల్ఫియా డిస్ట్రిక్ట్ అటార్నీ (జిల్లా ప్రాసిక్యూటర్) లారీ క్రాస్నర్ లాంటివాళ్లు ఆ విధానాలు తెచ్చారు, మీరూ ఆ బాపతే.

ఇప్పుడు పెన్ను తీయండి.

ముందు ప్రశ్నలోంచి ప్రశ్నార్థకం కొట్టేసి, మిగిలినదాన్ని మామూలు వాక్యంగా రాయండి. "మీరు చేసిన పని వల్ల హత్యలు పెరిగాయి" అని తేలుతుంది. ఇలా రాయగానే సగం టెన్షన్ పోతుంది. గొంతు, చూపుడువేలు, కాగితాల చప్పుడు ఏవీ ఉండవు. సరిచూడగల మాట ఒకటి మిగులుతుంది, అంతే.

తర్వాత ఆ వాక్యంలో రుజువు చేయగల అంకె ఏదో చూడండి. ఫిలడెల్ఫియాలో 2021లో 562 హత్యలు జరిగాయి. నిజం, ఆ నగర చరిత్రలోనే అది రికార్డు. సెనేటర్ అంకె తప్పు చెప్పాడని వెంటనే ఎగబడకండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. దాడిలో అంకె సాధారణంగా సరైనదే ఉంటుంది. కిటుకంతా అంకెకూ మనిషికీ మధ్య వేసిన ముడిలో ఉంటుంది.

అంచేత ముడి దగ్గరికి రండి. "వల్ల" అనే మాట కింద గీత గీయండి. 2020లో అమెరికా మొత్తం మీద హత్యలు 30 శాతం దాకా పెరిగాయి. కఠినమైన ప్రాసిక్యూటర్లున్న చోటా పెరిగాయి, ఉదారంగా ఉండేవాళ్లున్న చోటా పెరిగాయి. మరి ఈమె విడిపించిన వాళ్లెవరు? ఎక్కువమంది ఎనభైల్లో, తొంభైల్లో శిక్ష పడి, అసలు నేరమే చేయలేదని ఏళ్ల తరబడి పోరాడి బయటికి వచ్చినవాళ్లు. వాళ్ల విడుదలకూ 2021 నాటి తుపాకీ కాల్పులకూ ముడి వేయాలంటే మధ్యలో ఎన్ని మెట్లు కావాలో లెక్కపెట్టండి. సెనేటర్ వాటిలో ఒక్కటైనా చెప్పాడా?

ఇక జాబితాలోంచి ఒక కేసు తీసి పూర్తిగా చదవండి. ఇది మాత్రం తొందరపడి చేసే పని కాదు. నేను ఎంచుకున్నది టెక్సాస్ కేసు. క్రూజ్ ప్రాతినిధ్యం వహించే రాష్ట్రం అదేనని గుర్తుంచుకోండి.

1986 ఆగస్టు. ఆస్టిన్ పక్కనున్న విలియమ్సన్ కౌంటీ. మైఖేల్ మార్టన్ తెల్లవారుజామునే పనికి వెళ్లాడు. అతని భార్యను ఎవరో పడకగదిలో కొట్టి చంపారు. 1987లో కోర్టు మార్టన్‌కే యావజ్జీవ శిక్ష వేసింది. మూడేళ్ల కొడుకు తాను చూసింది అమ్మమ్మకు చెప్పాడు: కొట్టింది ఒక రాక్షసుడు, నాన్న అప్పుడు ఇంట్లో లేడు. ఆమె అది పోలీసులకు ఫోన్లో చెప్పింది. ఆ సంభాషణ కాగితం మీదికి ఎక్కింది కూడా. డిఫెన్స్ లాయర్లకు మాత్రం చేరలేదు. ఇంటి వెనక పచ్చ వ్యాన్ ఆపి ఒక మనిషి దిగడం చూశామని ఇరుగుపొరుగు చెప్పిన మాటా అంతే. ఇంటికి వంద గజాల దూరంలో రక్తం మరకలున్న చేతిరుమాలు ఒకటి దొరికింది. దానికి డీఎన్ఏ పరీక్ష చేయించమని మార్టన్ తరఫున హ్యూస్టన్ లాయరు జాన్ రేలీ, నీనా మోరిసన్ ఏళ్ల తరబడి అడిగారు. జిల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసు ఏళ్ల తరబడి అడ్డుపడింది. చివరికి 2011లో పరీక్ష జరిగింది. ఆ గుడ్డ మీద చనిపోయిన భార్య రక్తంతో పాటు వేరే మగమనిషి డీఎన్ఏ ఉంది.

ఆ మనిషి ఎవరో పోలీసుల డేటాబేస్‌లో దొరికాడు. 1988లో ఆస్టిన్‌లో ఇంకో స్త్రీని ఆమె ఇంట్లోనే అలాగే చంపిందీ అతనే. అప్పటికి మార్టన్ జైల్లో ఉన్నాడు. సరైన మనిషిని 1986లోనే పట్టుకుని ఉంటే ఆ రెండో ప్రాణం పోయేది కాదు. 2013లో అసలు హంతకుడికి శిక్ష పడింది. మార్టన్ దాదాపు 25 ఏళ్లు లోపలే ఉన్నాడు. ఆనాడు కేసు నడిపిన ప్రాసిక్యూటర్ ఆ తర్వాత జడ్జి అయ్యాడు. 2013లో రాజీనామా చేసి, కోర్టు ధిక్కారం కింద కొద్ది రోజుల జైలు శిక్ష వేయించుకుని, లాయరు లైసెన్సు వదులుకున్నాడు. ప్రాసిక్యూటర్లు తమ ఫైలు డిఫెన్స్‌కు చూపించి తీరాలని టెక్సాస్ అదే ఏడాది మార్టన్ పేరుతోనే చట్టం చేసింది. దాని మీద సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెరీ.

ఇప్పుడు మీరు రాసుకున్న వాక్యం పక్కన ఈ కేసు పెట్టి చూడండి. నేరస్తుల్ని వదిలేయించే లాయరు అన్నారు కదా. ఇక్కడ ఆమె పని వల్ల దొరక్కుండా తిరుగుతున్న హంతకుడు దొరికాడు.

అలాగని రిపబ్లికన్లు అడిగిందంతా బూటకమని మార్జిన్‌లో రాసేయకండి. నామినీ బయట ఇచ్చిన ప్రసంగాలు, రాసిన వ్యాసాలు, రాజకీయ నాయకులకు ఇచ్చిన సలహాలు, ఇవన్నీ తాను ఎంచుకుని చేసినవి. వాటి గురించి ఎంత గట్టిగా అడిగినా తప్పులేదు. శిక్షలు ఖరారు చేసేటప్పుడు చట్టాన్ని ఎలా చూస్తారని అడగడమూ సబబే. క్లయింటు సంగతి వేరు. క్లయింటు తరఫున వాదించడమంటే అతని అభిప్రాయాల్ని సమర్థించడం కాదని అమెరికన్ బార్ అసోసియేషన్ నమూనా నియమాల్లోనే ఉంది. అవతలి పక్షం వాళ్లకూ ఇదే కొలత పెట్టండి. పెద్ద కంపెనీల తరఫున వాదించినవాళ్లను జడ్జీలుగా పెట్టొద్దని డిమాండ్ జస్టిస్ లాంటి వామపక్ష సంస్థలు ప్రచారం చేశాయి. అక్కడా క్లయింటునే లాయరు నెత్తిన రుద్దారు. చమురు కంపెనీకి ఈ లాయరు కాకపోతే ఇంకో లాయరు దొరుకుతాడు, పేద ఖైదీకి ఆ ఒక్క లాయరే దిక్కు. నా లెక్కలో ఆ తేడా చిన్నది కాదు, కానీ వాక్యం విడదీసే పద్ధతి మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇది మనకు తెలియని జబ్బేమీ కాదు. 2019లో హైదరాబాద్ శివార్లలో జరిగిన వెటర్నరీ డాక్టర్ హత్య తర్వాత, నిందితుల తరఫున వాదించబోమని షాద్‌నగర్ లాయర్లు తీర్మానించుకున్నారు. అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పేసింది. విజయవాడ దగ్గర 2007లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో ఏళ్ల తరబడి జైల్లో ఉన్న యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలింది. అతని తరఫున ఎవరూ వాదించకపోతే ఆ అప్పీలు ఏమయ్యేది?

మోరిసన్ నియామకాన్ని 2022 జూన్‌లో సెనేట్ 53–46 ఓట్లతో ఖరారు చేసింది.

అభ్యాసం: అదే ఏడాది ఏప్రిల్‌లో, సుప్రీంకోర్టుకు నామినేట్ అయిన కేతాంజీ బ్రౌన్ జాక్సన్ గురించి సెనేటర్ టామ్ కాటన్ సభలో ఒక మాట అన్నారు. వెనకటి సుప్రీంకోర్టు జస్టిస్ (రాబర్ట్) జాక్సన్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీలను శిక్షించడానికి నూరెంబర్గ్ విచారణకు వెళ్లాడు, ఈ జాక్సన్ అయితే వాళ్ల తరఫున వాదించడానికి వెళ్లేదేమో అన్నది దాని సారాంశం. జాక్సన్ 2005 నుంచి 2007 దాకా వాషింగ్టన్‌లో ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో, అంటే లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున ప్రభుత్వ ఖర్చుతో వాదించే ఆఫీసులో పనిచేశారు. ఉగ్రవాద అనుమానితుల్ని ఉంచిన గ్వాంటనామో జైలు ఖైదీల కేసులు ఆమెకు అక్కడ అప్పగించినవే. పై పద్ధతిలో ఆ మాటను వాక్యంగా రాసి, ముడి ఎక్కడుందో గీత గీయండి. ఒక చిన్న ఆధారం ఇస్తున్నాను: నూరెంబర్గ్ ప్రధాన విచారణలో నిందితులందరికీ లాయర్లున్నారు, 22 మందిలో ముగ్గుర్ని కోర్టు నిర్దోషులుగా వదిలేసింది.

వచ్చే పాఠంలో హియరింగ్ అయ్యాక సెనేటర్లు పంపే రాతపూర్వక ప్రశ్నలు, వాటికి నామినీలు అంటీముట్టనట్టు ఇచ్చే జవాబులు చూద్దాం. మోరిసన్ జవాబులు కమిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, అప్పటికి చదివి ఉంచండి.