సిలబస్ ఖరారు చేసే ముందు

మీరు కాలేజీలో పాఠం చెప్పేవాళ్లయితే, తమ ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ చదువుతున్నవాళ్లు క్లాసులో ఉంటారనుకునే కోర్సు రాయండి.

- మిమ్మల్ని కలిసే వేళలు రాసి ఊరుకోవద్దు. పరీక్ష తప్పినవాళ్లే వెళ్లాలేమో అనుకుని చాలామంది ఆగిపోతారు. వచ్చి ఏం అడగొచ్చో ఉదాహరణలతో చెప్పండి.
- ప్రతి అసైన్‌మెంట్‌లో ఎందుకు చేయాలి, ఏం చేయాలి, దేన్నిబట్టి మార్కులు అన్నది రాతలో ఉండాలి. బాగా రాసిన పాత జవాబొకటి జతచేస్తే ఇంకా మేలు. (తెలివైనవాళ్లకు ఇవన్నీ చెప్పకుండానే తెలుస్తాయన్న మాట నేను నమ్మను.)
- మార్కులన్నీ చివరి పరీక్షకే పెట్టొద్దు. మొదటి వారాల్లోనే చిన్న పరీక్ష ఉంటే సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.
- మీరు చదవమనే పుస్తకాలు లైబ్రరీలో ఉన్నాయా?
- ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ల కోసం గ్రూపు పనికి క్లాసులోనే కొంత సమయమివ్వండి.
- "మీ ఇంట్లో మొదట కాలేజీకొచ్చింది మీరేనా, చేతులెత్తండి" అని పొరపాటున కూడా అనొద్దు. సాయం గురించి అందరికీ చెప్పండి, కావలసినవాళ్లు వాడుకుంటారు.