జీతం, పిల్లలు ఉండగానే కోడింగ్‌లోకి: రొయ్యల గుంట లెక్కతో మొదలుపెట్టండి

రాజీనామా మాట ఇప్పుడే ఎత్తొద్దు. నెల్లూరులో కొట్టు లెక్కలు రాసేవారైనా, ఒంగోలులో టీచరైనా, చీమకుర్తి క్వారీలో సూపర్‌వైజరైనా జీతం వస్తుండగానే నేర్చుకోవాలి. జీతం ఆగితే స్కూలు ఫీజు గుర్తొచ్చి, ఎదురైన మొదటి పనికి తలూపేస్తారు.

ముందు గంటల లెక్క చూసుకోండి. వారానికి ఐదు రోజులు గంటంబావు చొప్పున, ఆదివారం మూడు గంటలు: మొత్తం తొమ్మిదింబావు. సంక్రాంతి, పిల్లల పరీక్షలు, జ్వరాలు, రొట్టెల పండక్కి దిగే చుట్టాలు కలిసి ఏడాదిలో 8 వారాలు తినేస్తాయనుకోండి. మిగిలిన 44 వారాలకు 407 గంటలు. పునాదికి, ఒక గట్టి ప్రాజెక్టుకు ఇవి చాలు. మూడు భాషలు, ఆపైన ఏఐ కోర్సు అని మొదలుపెడితే మాత్రం ఏదీ చేతికి రాదు.

ఆ గంటంబావు తెల్లవారుజామున 4.45కి, క్యారేజీల హడావుడి మొదలుకాకముందు పెట్టుకోండి. రాత్రి పిల్లలు పడుకున్నాక కొత్త పాఠం తలకెక్కదు. పొద్దున రాసింది ఓసారి తిరగేయడం వరకే. కావలి నుంచి నెల్లూరుకు సీజన్ పాస్ మీద తిరిగేవాళ్లు రైల్లో చదవొచ్చు గానీ ఫోన్‌లో కోడ్ టైప్ చేయబోతే విసుగే మిగులుతుంది. ఆదివారం మూడు గంటలు పిల్లల్ని ఎవరు చూస్తారో ఇంట్లో ముందే తేల్చుకోవాలి. ‘చూద్దాంలే’ అన్న ఇంట్లో ఆ మూడు గంటలు ఎప్పటికీ దొరకవు.

ల్యాప్‌టాప్‌కు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే మొదలుపెట్టొచ్చు. పాతది నెమ్మదిగా ఉంటే కొత్తది కొనేముందు దాని హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించి చూడండి. పిల్లలూ అదే వాడితే వాళ్లకు వేరే లాగిన్ పెట్టాలి. పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను దాచిపెట్టేది), వీఎస్ కోడ్ (కోడ్ రాసుకునే ఎడిటర్) మూడూ ఉచితం. ఫ్రీకోడ్‌క్యాంప్, హార్వర్డ్ వారి సీఎస్50 ఆన్‌లైన్ పాఠాలకు డబ్బు కట్టక్కర్లేదు. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటీఈఎల్‌లో పరీక్ష రాస్తేనే ఫీజు. అమీర్‌పేటకు బస్సెక్కేముందు వీటిలో ఒక్కటి పూర్తిచేయండి.

ఇక అసలు పని. మీకు ఇప్పటికే తెలిసిన రంగంలోని లెక్కనే ప్రాజెక్టుగా తీసుకోండి. ఇక్కడ చాలామందికి తెలిసిన రొయ్యల గుంట మేత లెక్కనే చూద్దాం: తేదీ, గుంట నంబరు, వేసిన మేత, చివర్లో పట్టుబడి (పట్టిన రొయ్య బరువు). 3,000 కిలోల మేతకు 2,000 కిలోల రొయ్య వస్తే మేత నిష్పత్తి, అంటే ఎఫ్‌సీఆర్, 1.5.

మొదటి మూడు నెలలు పైథాన్‌తో ఇదే చేయండి. మొదట్లోనే దెబ్బతినే చోటు ఒకటుంది: కీబోర్డు నుంచి తీసుకున్న అంకెను పైథాన్ అక్షరాలుగా చూస్తుంది. 50, 30 కూడితే 80 రాదు, 5030 వస్తుంది. అంకెగా మార్చాకే కూడాలి. ఎవరైనా ‘50 కిలోలు’ అని కొడితే ఆ మార్పిడి దగ్గరే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. పట్టుబడి ఇంకా సున్నా ఉన్న గుంటకు భాగహారం దగ్గర ఆగిపోతుంది. రెండింటినీ ముందే పట్టుకునేలా రాయండి.

తర్వాత లెక్కను సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన సాదా పట్టికలో) దాచండి. తెలుగు పేర్లు విండోస్‌లో పిచ్చి గీతలుగా మారితే ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) అని చెప్పలేదన్నమాట. ఎక్సెల్‌లో తెరవాలంటే యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) అని రాయాలి. 05-06 అంటే మే 6వ తేదీనా, జూన్ 5వ తేదీనా? సంవత్సరం-నెల-రోజు వరసలో దాస్తే గొడవ ఉండదు, వరసగా పేర్చడమూ తేలిక.

నాలుగో నెల నుంచి ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్ పట్టికల్లోంచి లెక్కలు తీసే భాష. పైథాన్‌తో పాటే వచ్చే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. ఇక్కడి తప్పు కంటికి కనపడదు. ఒక గుంటకు 90 మేత వరసలు, 2 పట్టుబడి వరసలు ఉన్నాయనుకోండి. రెండు పట్టికల్నీ గుంట నంబరు మీద నేరుగా జాయిన్ చేస్తే (జతకలిపితే) 180 వరసలు పుడతాయి. మేత రెట్టింపవుతుంది, పట్టుబడి 90 రెట్లవుతుంది. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం అబద్ధం. దేన్నికది గుంటవారీగా కూడి, ఆ మొత్తాలనే కలపాలి. ఇంటర్వ్యూలో ఇది వివరించగలిగితే పది సర్టిఫికెట్లకన్నా బరువు.

ఆపైన పైథాన్‌లో వెబ్‌పేజీలు చేయడానికి వాడే ఫ్లాస్క్‌తో చిన్న వెబ్‌పేజీ, అవసరమైనంత హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్. ప్రతిరోజూ గిట్‌లో కమిట్ చేసి (ఆనాటి మార్పులు భద్రపరిచి) గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌కు పంపండి. పాస్‌వర్డ్‌లు, రైతుల ఫోన్ నంబర్లు మాత్రం అందులో పెట్టొద్దు. చాట్‌జీపీటీని ఎర్రర్ అర్థం చెప్పమనండి, కోడ్ రాసిపెట్టమనొద్దు. అది చూపించింది మర్నాడు చూడకుండా రాయలేకపోతే నేర్చుకోనట్టే.

ఉద్యోగ వేటలో ఫ్రెషర్ల డ్రైవ్‌ల చుట్టూ తిరగకండి. వాటిలో చాలావాటికి ఫలానా సంవత్సరం పాసైనవాళ్లే కావాలి. మీ కంపెనీలోని ఐటీ విభాగం, మీరు రోజూ వాడే బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న సంస్థలు, టెస్టింగ్, ఎస్‌క్యూఎల్ సపోర్ట్ పనులు: మీ పాత అనుభవానికి విలువ దొరికేది అక్కడే. మొదటి జీతం ఇప్పటిదానికన్నా తగ్గొచ్చు. డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం, మూడేళ్ల అనుభవం చూపిస్తాం అనేవాళ్లకు దండం పెట్టేయండి. పీఎఫ్ యూఏఎన్ చరిత్రలో మీరు ఎప్పుడెక్కడ పనిచేశారో ఉంటుంది, వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

ఆఫర్ లెటర్ చేతికొచ్చి, ఆర్నెల్ల ఇంటి ఖర్చు, జూన్‌లో కట్టే ఫీజు పక్కన ఉన్నాకే నోటీసు ఇవ్వండి. చెన్నై ఉద్యోగమైతే నెల్లూరు నుంచి దాదాపు 175 కిలోమీటర్లు. పిల్లలున్నవాళ్లు రోజూ తిరిగే దూరం కాదు. వారానికి ఎన్ని రోజులు ఇంటి నుంచి చేయొచ్చో మాటమీద వదలకుండా మెయిల్లో రాయించుకోండి.